ఆఫీసులో చిన్న చిన్న చికాకులు: ముందు ఏది బాగు చేయించాలి?

బైపాస్ అడ్మిన్ (ప్రశ్న)
తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో అకౌంట్స్ ఆఫీసు, 18 మంది స్టాఫ్. జీతాలు ఒకటో తేదీకే పడతాయి, పని కూడా మరీ ఎక్కువేం కాదు. అయినా మధ్యాహ్నమయ్యేసరికి అందరూ చిటపటలాడుతుంటారు. కారణాలన్నీ చిన్నవే. తలుపు పడినప్పుడల్లా దబ్బుమంటుంది. రెండు కుర్చీలు కూర్చోగానే కిందికి దిగిపోతాయి. ఏసీ రిమోట్ కోసం రోజూ గొడవ. నీళ్ల క్యాన్ అయిపోతే ఎవరూ మార్చరు. వాష్‌బేసిన్ కుళాయిలో నీళ్లు దారంలా వస్తాయి. పెద్ద ఖర్చు అడిగే వీల్లేదు. దేంతో మొదలుపెట్టాలి?

రేణిగుంట మెయింటెనెన్స్
తలుపుతో మొదలుపెట్టండి సార్. కుర్చీ బాధ ఇద్దరిది, తలుపు చప్పుడు పద్దెనిమిది మందిదీ. పొడుగాటి కూడిక మధ్యలో దబ్బుమంటే మళ్లీ పైనుంచి కూడుకోవాల్సిందే.

తలుపు పైన డోర్ క్లోజర్ ఉంటుంది కదా, దాని చివర రెండు చిన్న స్క్రూలుంటాయి. ఒకటి తలుపు మూసుకునే వేగానికి, రెండోది చివరి జానెడు దూరంలో వేగానికి. చప్పుడు వచ్చేది ఆ చివర్లోనే, కాబట్టి రెండోదాన్ని ముందు చూడండి. గడియారం తిరిగే వైపు పావు చుట్టు తిప్పి, తలుపు పూర్తిగా తెరిచి వదలండి. చాలకపోతే ఇంకో పావు. దానికి ఎదురు వైపు ఎక్కువ తిప్పితే స్క్రూ ఊడి నూనె కారుతుంది, ఆ తర్వాత క్లోజర్ పారేయడమే. ఇప్పటికే నూనె కారుతుంటే స్క్రూలు ముట్టుకోకుండా కొత్తది వేయించండి.

కుర్చీలకు కొత్త కుర్చీలు అక్కర్లేదు. సీటు కింద గ్యాస్ సిలిండర్‌లో సీలు పోయింది, అది రిపేరు కాదు, సిలిండర్ ఒక్కటే మార్చాలి. పాతదాని పొడవు కొలిచి తీసుకెళ్లండి, సైజులు వేరువేరుగా ఉంటాయి. లోపల గ్యాస్ ఒత్తిడి ఉంటుంది, కోయడం, రంధ్రం చేయడం అస్సలు వద్దు.

చిత్తూరు హెచ్‌ఆర్
అన్న చెప్పింది నిజమే గానీ, నేనైతే నీళ్ల క్యాన్‌నే ముందు పెడతాను. తలుపు మీద కోపం తలుపు మీదే ఉంటుంది. క్యాన్ దగ్గర కోపం మనుషుల మీదికి పోతుంది. ఏ ఆఫీసులోనైనా 20 లీటర్ల క్యాన్ ఎత్తేది ఎప్పుడూ ఆ ఇద్దరు కుర్రాళ్లే, పైకి అనరు గానీ లోపల లెక్క పెట్టుకుంటూనే ఉంటారు. "అయిపోయినప్పుడు మార్చండి" అని గోడకు కాగితం అంటిస్తే ఇంకా మండుతుంది.

ఎత్తే పనే లేకుండా చేయండి. క్యాన్ మూతి మీద పెట్టే ఛార్జింగ్ పంపు కొన్ని వందల్లో వస్తుంది, క్యాన్ నేల మీదే ఉంటుంది. వారానికోసారి దాని పైపు కడగాలి, లేకపోతే నాచు పట్టి వాసన వస్తుంది. మనిషికి రోజుకు లీటరున్నర చొప్పున 18 మందికి 27 లీటర్లు, అంటే క్యాన్నరకు కాస్త తక్కువ. మే నెల ఎండల్లో రెండు క్యాన్లు ఖాయం. టీకి వాడితే అది వేరే. చివరి నిండు క్యాన్ మూత తీసిన మనిషే ఫోన్ చేయాలని ఒక్క మాట అనుకోండి, నంబరు పంపు పక్కనే రాసిపెట్టండి.

ఏసీ సంగతి: గాలి నేరుగా తగిలేవాళ్లకు చలి, మూలనున్నవాళ్లకు ఉక్క. ఇద్దరిదీ నిజమే, కాబట్టి ఓట్లు పెడితే తెగదు. రెక్కలు పైకి తిప్పి గాలిని సీలింగు వెంట పోనివ్వండి, 25 లేదా 26లో ఉంచి ఫ్యాను సన్నగా వేయండి. మామూలు ఏసీలో 18 పెట్టినంత మాత్రాన గది త్వరగా చల్లబడదు, ఎక్కువసేపు తిరుగుతుందంతే. ఫిల్టర్లు రెండు వారాలకోసారి కడగాలి. దుమ్ము పట్టి గాలి ఆడకపోతే లోపల ఐసు కట్టి టేబుల్ మీద నీళ్లు కారతాయి.

కొర్లగుంట ప్లంబర్
కుళాయికి పైసా ఖర్చు లేదు. బోరు నీళ్ల ఉప్పు కుళాయి చివర జాలీలో పేరుకుంటుంది. జాలీని చేత్తో విప్పండి, రాకపోతే గుడ్డ చుట్టి ప్లయర్‌తో. మగ్గు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి గంట నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దండి. అదే మగ్గులో బ్లీచింగ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

బైపాస్ అడ్మిన్
అందరికీ థ్యాంక్స్. క్యాన్ పంపు ఈరోజే తెప్పిస్తాను. తలుపు పైన మాత్రం క్లోజర్ ఏమీ లేదు. మాది గాజు తలుపు.

రేణిగుంట మెయింటెనెన్స్
అయితే మీది ఫ్లోర్ స్ప్రింగ్ సార్. తలుపు తిరిగే మూల కింద, నేలలో స్టీలు ప్లేటు ఉంటుంది. రెండు స్క్రూలు విప్పితే ప్లేటు వస్తుంది, వేగం తిప్పే స్క్రూలు దాని కిందే. పావు చుట్టు లెక్కే ఇక్కడా. పెట్టెలో నూనె కనిపిస్తే, లేదా తలుపు ఏ పట్టూ లేకుండా ఊగుతుంటే స్ప్రింగ్ పోయినట్టే. మార్చాలంటే తలుపు పైకెత్తాలి, టఫెన్డ్ గాజు మూల నేలకు తగిలితే మొత్తం పొడిపొడి అవుతుంది, అది ఫిట్టర్‌కే వదిలేయండి.

ఇవి ఎక్కువగా పాడయ్యేది తుడిచే నీళ్ల వల్లే. బకెట్ నీళ్లు గుమ్మం దగ్గర పోస్తే ప్లేటు సందులోంచి దిగి తుప్పు పడుతుంది. ఆ మూలను పిండిన గుడ్డతోనే తుడవమని అక్కకు చెప్పండి.