ఎక్సర్‌సైజ్ సైన్స్ తర్వాత పైచదువు: ఏ దారిలో ఏం అడుగుతారు?

పరుగుబాట
నాది ఎక్సర్‌సైజ్ సైన్స్ (వ్యాయామ శాస్త్రం) డిగ్రీ. ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి: ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ (వ్యాయామంలో శరీరం పనితీరు) ఎంఎస్, ఫిజికల్ థెరపీ (ఫిజియోథెరపీ), ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్), స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ (క్రీడాకారులకు బలం, దమ్ము పెంచే శిక్షణ). యూనివర్సిటీల పేజీలు చదివితే అన్నీ ఒకేలా ఉన్నాయి. దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుంది? థీసిస్ తీసుకోవాలా? ల్యాబ్ మంచిదో కాదో బయటి నుంచి ఎలా పోల్చుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

ఎముకలగూడు
ముందు ఒక గీత గీసుకోండి. లైసెన్సో రిజిస్ట్రేషనో లేనిదే చేయనివ్వని పనులు ఒక పక్క. డిగ్రీ, అనుభవం, సర్టిఫికేషన్‌తో నడిచే పనులు ఇంకో పక్క. మొదటి పక్కన డిగ్రీ పేరు చూసి మురిసిపోవద్దు. ఆ కోర్సుకు గుర్తింపు ఎవరిచ్చారన్నదే అసలు సంగతి.

అమెరికా లెక్క చెప్తాను. అక్కడ చదివి ఫిజికల్ థెరపిస్టు కావాలంటే క్యాప్టీ (ఫిజికల్ థెరపీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) చేయాలి, మామూలుగా మూడేళ్లు. ఆక్యుపేషనల్ థెరపీకి (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేసే చికిత్స) మాస్టర్స్ అయినా డాక్టరేట్ అయినా చెల్లుతుంది. అథ్లెటిక్ ట్రైనింగ్ (క్రీడాకారుల గాయాలు చూసుకునే వృత్తి) మాస్టర్స్ స్థాయికి మారింది, 2022 తర్వాత బ్యాచిలర్స్ కోర్సుల్లో కొత్త చేరికలు లేవు. డైటీషియన్ రిజిస్ట్రేషన్ పరీక్షకు 2024 జనవరి 1 నుంచి గ్రాడ్యుయేట్ డిగ్రీ తప్పనిసరి, దాంతోపాటు కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో పని చేసి ఉండాలి.

ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ ఎంఎస్ ఎంత మంచి చోట చేసినా ఫిజికల్ థెరపీ లైసెన్సు రాదు. రెండేళ్లు చదివాక ఈ సంగతి తెలిస్తే మళ్లీ మొదటి నుంచి మూడేళ్లు.

దరఖాస్తులబస్తా
పై మాటకు బ్రిటన్ సంగతి కలపండి. అక్కడ ఎంఎస్సీ ఫిజియోథెరపీ అన్న పేరుతో రెండు వేర్వేరు కోర్సులుంటాయి. పేరు పక్కన ప్రీ-రిజిస్ట్రేషన్ అని ఉంటే వేరే డిగ్రీ చదివినవాళ్లు చేరవచ్చు, రెండేళ్లు, పూర్తయ్యాక హెచ్‌సీపీసీలో (అక్కడ ఆరోగ్యవృత్తుల వాళ్లను నమోదు చేసే సంస్థ) నమోదుకు అర్హత. ఆ మాట లేకుండా స్పోర్ట్స్ ఫిజియోథెరపీ అనో, అడ్వాన్స్‌డ్ ఫిజియోథెరపీ అనో ఉంటే అది చాలావరకు ఇప్పటికే ఫిజియో అయినవాళ్ల కోసం. ఎక్సర్‌సైజ్ సైన్స్ వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఆస్ట్రేలియాలో అక్రెడిటెడ్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ అన్నది గుర్తింపు ఉన్న ఆరోగ్యవృత్తి. ఎస్సా అనే సంస్థ గుర్తింపు ఇస్తుంది. ప్రాక్టికల్ గంటలు మొత్తం 500: ఎక్సర్‌సైజ్ సైన్స్ భాగానికి 140, క్లినికల్ భాగానికి 360.

ఇక ముందస్తు కోర్సులు. డీపీటీకి మామూలుగా అడిగేవి: అనాటమీ, ఫిజియాలజీ ల్యాబ్‌తో, కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు, ఫిజిక్స్ రెండు సెమిస్టర్లు, బయాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ. తిప్పలు ఎక్కడొస్తాయంటే:

ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీని హ్యూమన్ ఫిజియాలజీ కింద చాలా చోట్ల లెక్కపెట్టరు. బయోమెకానిక్స్ చదివాం కదా అని ఫిజిక్స్ వదిలేస్తే కుదరదు. ల్యాబ్ క్రెడిట్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో విడిగా కనిపించకపోతే ల్యాబ్ లేనట్టే చూస్తారు, అప్పుడు ల్యాబ్ గంటలు రాసున్న సిలబస్ పంపాలి. పాస్, ఫెయిల్ అని మాత్రమే ఉన్న సబ్జెక్టును కొన్ని చోట్ల తీసుకోరు. సైన్స్ సబ్జెక్టులు ఇన్నేళ్లలోపు చదివుండాలనే గడువు కూడా చాలా చోట్ల ఉంటుంది. అందుకే ఒక పట్టిక వేసుకోండి: ఎడమవైపు సబ్జెక్టులు, పైన యూనివర్సిటీలు, గడిలో క్రెడిట్లు, చదివిన ఏడాది. ఖాళీ గడులు ఎక్కడ గుంపుగా ఉంటే ఆ సబ్జెక్టు ముందు పూర్తిచేయాలి.

గుండెలయ
క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ గురించి ఎవరూ రాయలేదు. గుండె, ఊపిరితిత్తుల పునరావాస కేంద్రాల్లో పనిచేయాలనుకుంటే దారి ఇదే. ఏసీఎస్‌ఎం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్) ఇచ్చే సీఈపీ (క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్) సర్టిఫికేషన్‌కు క్లినికల్ మాస్టర్స్ ఉన్నవాళ్ల దగ్గర 600 గంటల క్లినికల్ అనుభవం, బ్యాచిలర్స్ మాత్రమే ఉన్నవాళ్ల దగ్గర 1,200 గంటలు అడుగుతూ వచ్చారు. ఈ నిబంధనలను ఎప్పటికప్పుడు మారుస్తుంటారు, మీరు పరీక్షకు కూర్చునే ఏడాదికి ఏది వర్తిస్తుందో చూసుకోండి.

ఆ 600 గంటలు ఎవరు చూపిస్తారన్నదే కోర్సు ఎంపికలో మొదటి ప్రశ్న కావాలి. 'ఇంటర్న్‌షిప్ అవకాశం ఉంది' అంటే మీరే వెతుక్కోవాలని అర్థం. ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది, ఏటా ఎంతమందిని పంపుతారు, అక్కడ ఏం చేయనిస్తారు అని అడగండి. కుర్చీలో కూర్చుని చూసిన గంట వేరు, పర్యవేక్షణలో చేత్తో చేసిన గంట వేరు.

చేత్తో చేయడం అంటే 12 లీడ్ల ఈసీజీకి 10 ఎలక్ట్రోడ్లు మీరే అతికించడం. ఛాతీ మీద పెట్టే ఆరింటిలో వీ1, వీ2 నాలుగో పక్కటెముకల సందులో ఛాతీ ఎముకకు అటూ ఇటూ. వీ4 అయిదో సందులో, మెడ ఎముక మధ్య నుంచి కిందికి దిగే గీత మీద. వీ3 చోటు వీ2, వీ4ల మధ్య కాబట్టి వీ4 తర్వాతే పెట్టాలి. నేరుగా వరుసలో పెట్టుకుంటూ పోతే వీ3 ఎప్పుడూ పక్కకు జరుగుతుంది. ట్రెడ్‌మిల్ పరీక్షలో చేతులు, కాళ్ల ఎలక్ట్రోడ్లను మొండెం మీదికి తెస్తారు, అందుకే ఆ ట్రేసింగ్‌ను పడుకుని తీసిన ఈసీజీతో అచ్చంగా పోల్చకూడదు. బ్రూస్ ప్రోటోకాల్ (మూడు నిమిషాలకోసారి ట్రెడ్‌మిల్ వేగం, వాలు పెంచే పద్ధతి) తొలి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్లు, 10 శాతం వాలు. వేగం పెరుగుతున్నా సిస్టాలిక్ బీపీ 10 పాయింట్లకు మించి పడిపోయి, దానికి తోడు ఇస్కీమియా (గుండె కండరానికి రక్తం చాలకపోవడం) లక్షణం ఏదైనా కనిపిస్తే అక్కడికక్కడ ఆపేయాలి. పరిగెత్తే మనిషి బీపీని చేత్తో కొలవడం నేర్పని కోర్సులో క్లినికల్ అన్న మాట పేరుకే.

ల్యాబ్‌కోటు
ల్యాబ్ ఎలా పోల్చుకోవాలని అడిగారు. యంత్రాల జాబితా చూడొద్దు. మెటబాలిక్ కార్ట్ (ఊపిరిలోని వాయువులను కొలిచే యంత్రం) దగ్గర ఆగి, 'క్యాలిబ్రేషన్ ఎవరు చేస్తారు?' అని అడగండి, అంటే తెలిసిన కొలతతో యంత్రాన్ని ఎవరు సరిచూస్తారని. విద్యార్థులే చేస్తారంటే మంచి ల్యాబ్. టెక్నీషియన్ వచ్చి చేసిపెడతాడంటే మీరు బటన్ నొక్కడమే నేర్చుకుంటారు.

ఎందుకంటే వీఓటూ మ్యాక్స్ (శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) అంకె తప్పు రావడానికి కారణాలు చాలావరకు క్యాలిబ్రేషన్ చేసే ఆ పది నిమిషాల్లోనే ఉంటాయి. యంత్రం పూర్తిగా వేడెక్కకముందే క్యాలిబ్రేట్ చేస్తే సెన్సర్లు తర్వాత జరిగిపోతాయి. గ్యాస్ సిలిండర్‌లో మామూలుగా 16 శాతం ఆక్సిజన్, 4 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి, వదిలిన ఊపిరికి దగ్గరగా. రెండో కొలత బయటి గాలి: 20.93, 0.04. తర్వాత 3 లీటర్ల సిరంజి. దాన్ని ఒకే వేగంతో తోస్తే అంకె చక్కగా వస్తుంది, కానీ పరీక్ష చివర వచ్చే పెద్ద ఊపిర్ల దగ్గర తప్పు బయటపడదు. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా తోసి మూడింటిలోనూ 2.91 నుంచి 3.09 మధ్య వస్తోందా చూడాలి.

మాస్కు లీకు ఎక్కువగా ముక్కు పైభాగం దగ్గరే. ముందున్న రంధ్రాన్ని అరచేత్తో మూసి ఊదమంటే గాలి ఎక్కడ తన్నుకొస్తుందో తెలుస్తుంది. లీకుంటే వెంటిలేషన్, ఆక్సిజన్ రెండూ తక్కువ చూపిస్తాయి. కదలకుండా కూర్చున్న మనిషికి ఆర్‌ఈఆర్ (వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కు, వాడుకున్న ఆక్సిజన్‌కు నిష్పత్తి) 1.0 దాటితే రెండే మాటలు: కంగారులో గబగబా గాలి వదులుతున్నాడు, లేదా క్యాలిబ్రేషన్ తప్పింది. రెండు నిమిషాలు ఆగండి, తగ్గకపోతే మళ్లీ మొదటి నుంచి.

పరుగుబాట
ఇంత వివరం ఎక్కడా దొరకలేదు, ధన్యవాదాలండి. థీసిస్ సంగతి?

పీ‌విలువ
పీహెచ్‌డీ ఆలోచన కొంచెమైనా ఉంటే థీసిస్ తీసుకోండి. నేరుగా క్లినిక్‌లోకో కోచింగ్‌లోకో వెళ్లేవాళ్లకు ఆ క్రెడిట్లు ఇంటర్న్‌షిప్‌కు వాడుకోవడమే మేలు. థీసిస్ లేకపోతే తక్కువ డిగ్రీ అన్న మాట పట్టించుకోకండి.

రెండేళ్ల కోర్సులో థీసిస్ ఎందుకు వెనకబడుతుందో చూడండి. ఎథిక్స్ కమిటీ అనుమతికి వారాల నుంచి నెలలు. 10 వారాల శిక్షణ మీద అధ్యయనం అనుకుంటే ముందు కొలతలకు రెండు వారాలు, తర్వాత కొలతలకు రెండు, సెలవులొస్తే అంతే సంగతులు. చివరికి 30 మంది మిగలాలి, అయిదో వంతు మంది మధ్యలో మానేస్తారనుకుంటే 30ని 0.8తో భాగించాలి: 37.5, అంటే 38 మందిని తీసుకోవాలి. 30కి 20 శాతం కలిపి 36 అని రాయడం మామూలుగా జరిగే పొరపాటు.

మాస్టర్స్‌కు క్రాస్‌ఓవర్ డిజైన్ సులువు. ఒకే మనిషి రెండు పరిస్థితుల్లోనూ పాల్గొంటాడు, వారం వ్యవధిలో రెండు సందర్శనలు, మనిషికీ మనిషికీ ఉండే తేడా లెక్కలోంచి పోతుంది కాబట్టి తక్కువ మంది చాలు. ఏది ముందు అన్నది మాత్రం లాటరీ పద్ధతిలో తేల్చాలి. లేకపోతే రెండోసారి అలవాటుతో వచ్చిన మెరుగుదలను మీ ప్రయోగ ఫలితమనుకుంటారు.

ఊరంతటిబీపీ
ఎంపీహెచ్ గురించి రెండు ముక్కలు. అమెరికాలో సెఫ్ (ప్రజారోగ్య కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ఎంపీహెచ్‌కు కనీసం 42 సెమిస్టర్ క్రెడిట్లు. ఇందులో ఒక్క రోగిని కూడా మీరు చూడరు. జనసమూహాల్లో శారీరక శ్రమ ఎంత, ఎవరికి ఎందుకు తగ్గింది, ఏ కార్యక్రమం పనిచేసింది అన్నవి లెక్కలతో తేల్చే చదువు. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ ఇష్టపడేవాళ్లకు మంచిది. మనుషులతో నేరుగా పనిచేయాలనుకునేవాళ్లు ఏడాదిలో విసిగిపోతారు. ఎక్సర్‌సైజ్ సైన్స్ వాళ్ల బలం యాక్సెలరోమీటర్ (ఒంటి కదలికలను కొలిచే పరికరం) డేటా చదవగలగడం, ఎస్‌ఓపీలో (దరఖాస్తుతో పంపే ఉద్దేశ వ్యాసం) అది రాయండి.

బార్‌బెల్
స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్‌కు సీఎస్‌సీఎస్ సర్టిఫికేషన్ చాలు, మాస్టర్స్ వృథా.

ఎముకలగూడు
బార్‌బెల్ గారూ, పరీక్ష రాయడానికి బ్యాచిలర్స్ చాలన్నది నిజమే. కానీ 2030 నుంచి గుర్తింపు ఉన్న కోర్సు చదివినవాళ్లకే అవకాశమని ఆ సర్టిఫికేషన్ ఇచ్చే ఎన్‌ఎస్‌సీఏ ప్రకటించింది. అప్పటికి పరీక్ష రాసేవాళ్లు తమ డిగ్రీ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. అమెరికా కాలేజీ జట్ల ఉద్యోగ ప్రకటనల్లో మాస్టర్స్‌కు ప్రాధాన్యం అన్న మాట కూడా తరచూ కనిపిస్తుంది. వృథా అనడానికి లేదు.

దరఖాస్తులబస్తా
అమెరికా వెళ్లే విదేశీ విద్యార్థులకు ఇంకొకటి. కోర్సు పేరులో కైనెసియాలజీ ఉన్నా సీఐపీ కోడ్ (అమెరికాలో ఒక్కో చదువు రకానికి ఇచ్చే సంఖ్య) వేరుగా ఉండొచ్చు. 26.0908 ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీది, 31.0505 ఎక్సర్‌సైజ్ సైన్స్‌ది. చదువయ్యాక పని అనుమతి పొడిగింపు ఈ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉందా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుంది. కోర్సు ఏ కోడ్ కింద నమోదైందో డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

థీసిస్ గైడ్‌కు మెయిల్ కూడా చిన్నగానే ఉండాలి. వాళ్ల పేపర్లు రెండు చదివి, ఒకదానిలోని పద్ధతి మీద ఒక ప్రశ్న అడగండి. తర్వాత వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా, అసిస్టెంట్‌షిప్ (జీతంతో బోధనలోనో పరిశోధనలోనో సాయపడే పని) ఉందా, ఉంటే వారానికి ఎన్ని గంటలు, ఫీజు మాఫీ పూర్తిగానా సగమా అని ఒక్కో వాక్యంలో. 'మీ పరిశోధన నాకు ఎంతో స్ఫూర్తి' అన్న వాక్యం తీసేసి, ఆ చోటులో మీకు చేతనైన ఒక కొలత రాయండి: వేలి నుంచి తీసిన రక్తపు చుక్కలో లాక్టేట్ కొలవడం, స్కిన్‌ఫోల్డ్ (చర్మం మడత మందం) ఏడు చోట్ల కొలవడం, ఏదైనా సరే.