స్నోమొబైల్ 137 ట్రాక్‌కి స్టడ్స్: మధ్య బెల్ట్‌లో 96 సరిపోతాయా, బయటి బెల్టులతో కలిపి 144 వేయాలా?

మంచుబాట:
నమస్తే అందరికీ. నా స్లెడ్ (స్నోమొబైల్, ముందు స్కీలు వెనక ట్రాక్ ఉండే మంచు బండి) ట్రాక్, అంటే కింద తిరిగే రబ్బరు పట్టా, 137 అంగుళాల పొడవు, 15 వెడల్పు, లగ్ (ట్రాక్ మీది రబ్బరు పళ్ళు) ఎత్తు 1.25, పిచ్ (ఒక లగ్ వరుస నుంచి తర్వాతి వరుసకి దూరం) 2.86, ఇంజిన్ 600 సీసీ టూ స్ట్రోక్. తిరిగేది ఎక్కువగా గ్రూమ్ చేసిన (మంచు చదును చేసిన) ట్రెయిల్స్ మీదే కానీ ఏ రూట్ పట్టుకున్నా మధ్యలో గడ్డకట్టిన సరస్సు ఒకటి దాటాల్సిందే, గాలికి పైన మంచు కొట్టుకుపోయి కింద నున్నటి ఐస్ బయటపడి ఉంటుంది, అక్కడ బ్రేక్ పట్టుకుంటే ట్రాక్ ఆగుతుంది గానీ బండి ఆగదు. స్టడ్స్ (ట్రాక్‌కి చిల్లు పెట్టి బిగించే మెటల్ మేకులు) వేయాలన్నది డిసైడ్ అయిపోయింది, ప్యాటర్న్ ఏది అన్నదే డౌట్. ట్రాక్ వెడల్పులో మధ్య బెల్ట్ ఒకటి, దానికి అటూ ఇటూ బయటి బెల్టులు రెండు ఉంటాయి. మధ్య బెల్ట్‌లో 96 చాలు అని కొందరు, బయటి రెండు బెల్టుల్లో కూడా వేసి 144 చెయ్యకపోతే మలుపులో వెనక భాగం పక్కకి కొట్టుకుపోతుంది అని ఇంకొందరు. ట్రాక్‌కి ఒకసారి చిల్లు పెట్టాక మళ్ళీ పూడ్చలేం కదా, అందుకే డ్రిల్ పట్టుకునే ముందు అడుగుతున్నా. మీరు ఏది వేశారు, ఎందుకు?

సెంటర్‌బెల్ట్:
96. మొత్తం మధ్య బెల్ట్‌లోనే. 137ని 2.86తో భాగిస్తే మీకు 48 పిచ్‌లు, పిచ్‌కి రెండు చొప్పున 96. మీరు చెప్పిన సమస్య ఏంటి, ఐస్ మీద నేరుగా వెళ్తూ బ్రేక్ పడట్లేదు. దానికి మధ్య బెల్టే సరిపోతుంది. బయట వేసిన కొద్దీ ట్రాక్ నేరుగానే పోతానని మొండికేస్తుంది, మీరు హ్యాండిల్ తిప్పుతారు, స్కీలు తిరుగుతాయి, బండి మాత్రం ముందుకే తోసుకుంటూ పోతుంది. దాన్ని సరిచేయడానికి స్కీ కింద పొడుగు కార్బైడ్ (ఐస్‌ని కొరికే గట్టి లోహపు అంచు) వేస్తారు, అప్పుడు హ్యాండిల్ బరువెక్కి సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. ట్రెయిల్ రైడర్‌కి ఇదంతా ఎందుకు అండీ.

లేక్‌రేసర్:
144 వెయ్యి బ్రో, పిచ్‌కి మూడు. సరస్సు మీద నేరుగా వెళ్ళడం ఒక్కటే ఉంటుందా? ఎదురుగా ఐస్ పగిలి పైకి లేచిన గట్టు కనిపిస్తుంది, పక్కకి తప్పుకోవాలి, అప్పుడు బండి ఒక వైపు వాలుతుంది, బరువంతా బయటి బెల్ట్ మీద పడుతుంది, అక్కడేమో ఉత్త రబ్బరు. మధ్యలో ఉన్న స్టడ్స్ మీద బరువు తగ్గిపోయి వెనక భాగం చుట్టూ తిరిగొచ్చేస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్‌లోని ఈగిల్ రివర్‌లో 1964 నుంచి ఐస్ మీద రేసులు జరుగుతున్నాయి, మిషిగన్‌లోని సూ సెయింట్ మేరీలో ఐ-500 రేసు 1969 నుంచి నడుస్తోంది, మైలు పొడవున్న ఐస్ ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు రేసు దారి) మీద 500 మైళ్ళు. ఆ బళ్ళ ట్రాక్ చూడండి, స్టడ్స్ విషయంలో ఎవరూ పిసినారితనం చూపించరు.

సెంటర్‌బెల్ట్:
@లేక్‌రేసర్ ఓవల్ బండి ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది, నీళ్ళు పోసి తయారుచేసిన ఐస్ మీద తిరుగుతుంది, దాని స్కీల కింద కార్బైడ్ కూడా ఆ పనికే సెట్ చేసి ఉంటుంది. ఆయన అడిగింది రోడ్డు క్రాసింగులు, చెక్క వంతెనలు, బండరాళ్ళు తగిలే ట్రెయిల్ గురించి. ఆ రెండూ ఒక లెక్కలో పెట్టొద్దు.

లగ్_లెక్క:
ఇద్దరూ నంబర్ దగ్గరే ఆగిపోతున్నారు, నేను కొంచెం వేరేగా చూస్తాను. పోస్ట్ పెద్దదే కానీ ఓపిగ్గా చదవండి.

మొదటిది, ట్రాక్ అంతా ఒకేసారి నేల మీద ఉండదు. 137లో సగానికి కాస్త తక్కువే కింద ఆనుతుంది, కాబట్టి 96 వేస్తే ఏ క్షణంలో చూసినా ఐస్‌ని పట్టుకునేవి 40, 45 మధ్యలో, 144 వేస్తే 60 పైన. బండి బరువు మాత్రం మారలేదు. అదే బరువు ఎక్కువ కొనల మీద పంచుకుంటే ఒక్కో కొన లోపలికి దిగేది తగ్గుతుంది. బాగా చలి పట్టి గట్టిపడిన ఐస్ మీద ఈ తేడా చిన్నది కాదు. తక్కువ స్టడ్స్, పదునైన కొనలు ఉన్న బండి ఒక్కోసారి మొద్దుబారిన 144 కన్నా బాగా ఆగేది ఇందుకే. అలాగని ఎంత తగ్గిస్తే అంత మంచిదని కాదు, ఇంజిన్ లాగే బలానికి ఐస్ చెక్కలుగా లేచిపోతుంది కాబట్టి పెద్ద ఇంజిన్‌కి ఎక్కువ కొనలు కావాల్సిందే. 600కి 96 సరిపోతుందని, 800 దాటితే 144 వైపు వెళ్ళాలని చాలామంది చెప్పేది దీన్ని బట్టే.

రెండోది గీతల సంగతి. ట్రాక్‌ని ముందు నుంచి చూస్తే ఒక్కో స్టడ్ వెడల్పులో ఒక్కో చోట ఉంటుంది, జారినప్పుడు ఆ చోట ఐస్ మీద ఒక గీత పడుతుంది. అన్నీ రెండే వరుసల్లో కొడితే 96 స్టడ్స్ ఉన్నా గీతలు రెండే, వెనకొచ్చే ప్రతి స్టడ్ ముందుది గీసిన గాడిలోనే పడుతుంది, అక్కడ కొరకడానికి ఐస్ మిగలదు. అదే 96ని పిచ్ పిచ్‌కి కొంచెం పక్కకి జరుపుతూ నాలుగు పిచ్‌ల తర్వాత ప్యాటర్న్ మళ్ళీ మొదటికి వచ్చేలా వేస్తే ఎనిమిది గీతలు పడతాయి. స్టడ్స్ అవే, డబ్బూ అదే, బరువూ అదే, పట్టు వేరు. నన్నడిగితే 96 ఆ 144 ఆ అనేదానికన్నా ఎన్ని గీతలు అనేది ముందు తేల్చుకోవాలి.

లేక్‌రేసర్:
గీతల థియరీ నేనూ విన్నా, కానీ ఒక ప్రశ్న. ట్రాక్ జారకుండా తిరుగుతున్నంతసేపు కింద ఉన్న భాగం ఐస్ మీద కదలకుండానే ఉంటుంది కదా, ప్రతి స్టడ్ పైనుంచి కొత్త చోటే దిగుతుంది, అప్పుడు గాడి ఎక్కడుంది? గీత పడాలంటే ముందు జారాలి. మరి మామూలుగా పోతున్నప్పుడు ఎన్ని గీతలైతే ఏంటి?

లగ్_లెక్క:
కరెక్ట్ పాయింట్. జారనప్పుడు గీతల ప్రసక్తే లేదు, ఒప్పుకుంటా. కానీ జారనప్పుడు అసలు స్టడ్ గురించి మనకి గుర్తుకూడా రాదు కదా. థ్రాటిల్ గట్టిగా ఇచ్చి ట్రాక్ స్పిన్ అయినప్పుడు, బ్రేక్ పట్టి ట్రాక్ లాక్ అయినప్పుడు, ఆ రెండు సందర్భాల కోసమే ఇంత ఖర్చు పెట్టి వేయించుకుంటున్నాం. లాక్ అయిన ట్రాక్ మొత్తం ఒక పలకలా ఈడ్చుకుపోతుంది, అప్పుడు ముందున్న స్టడ్ గాడిలో వెనక స్టడ్ రావడం ఖాయం. ఆయన మొదటి పోస్టులో రాసిన సమస్య కూడా సరిగ్గా అదే, బ్రేక్ పడితే ట్రాక్ ఆగుతుంది బండి ఆగదు అని.

ఇక మలుపు గురించి. బయటి బెల్ట్‌లో స్టడ్ వేస్తేనే వెనక భాగం తిరక్కుండా ఉంటుంది అన్నది సగమే నిజం. బండి చుట్టూ తిరగకుండా ఆపేది ఎక్కువగా ట్రాక్ పొడవు, వెడల్పు కాదు. బయటి బెల్ట్ మధ్య గీతకి అయిదారు అంగుళాల దూరంలో ఉంటుంది, అదే నేలని ఆనుకున్న ట్రాక్ పొడవు నాలుగు అడుగుల పైమాటే. మధ్య బెల్ట్‌లోనే ఉన్నా ముందు చివర స్టడ్, వెనక చివర స్టడ్ పక్కకి జారకుండా పట్టుకుంటే అదే తిరగనివ్వదు. లేక్‌రేసర్ చెప్పిన వాలే సంగతి మాత్రం నిజం, వేగంగా తిరిగేటప్పుడు బండి బయటికి ఒరిగితే మధ్యలో బరువు తగ్గుతుంది. కానీ ట్రెయిల్ వేగంలో అంత ఒరుగుతోంది అంటే సస్పెన్షన్ సెట్టింగ్ ముందు చూసుకోవాలి.

లేక్‌రేసర్:
సస్పెన్షన్ ఎంత సెట్ చేసినా బండి ఒరగడం పోదు అన్నా. తగ్గుతుంది అంతే. గాలి తోసేస్తున్న సరస్సు మీద, పక్కన ఇంకో నాలుగు బళ్ళు పోతుండగా, నాకు ఆ బయటి పట్టు కావాలి. దీని మీద నేను మారను.

పాతగ్యారేజ్:
థియరీ బాగుంది కానీ చిల్లు పెట్టే ముందు చూసుకోవాల్సినవి ఎవరూ చెప్పలేదు, ట్రాకులు, కూలర్లు పాడయ్యేది ఇక్కడే.

ట్రాక్ సింగిల్ ప్లై నా డబుల్ ప్లై నా, అంటే బెల్ట్ లోపల ఒక పొర ఉందా రెండు ఉన్నాయా అని, ముందు తెలుసుకోండి. సింగిల్ ప్లై అయితే బెల్ట్ పల్చగా, మెత్తగా ఉంటుంది, స్టడ్ అటూ ఇటూ ఊగి చివరికి రబ్బరు చీల్చుకుని ఊడొస్తుంది. మీ 1.25 లగ్ ట్రాక్ కూడా రెండు రకాల్లోనూ దొరుకుతుంది కాబట్టి అంచనా వేయొద్దు, కనుక్కోండి.

స్టడ్ పొడవు: కొన లగ్ కన్నా సుమారు 3/8 అంగుళం వరకే బయటికి ఉండాలి. 1.25 లగ్‌కి మామూలుగా 1.575 సైజు వాడతారు. ఇంకా పొడుగువి వేస్తే ఐస్‌లోకి ఎక్కువ దిగుతుంది అనుకుంటారు, కానీ స్టడ్ వంగుతుంది, స్టడ్ మొదలు దగ్గర బెల్ట్ చిరుగుతుంది, పైగా టన్నెల్‌కి (ట్రాక్ పైన కప్పులా ఉండే బండి భాగం) తగులుతుంది.

ఆ టన్నెల్ సంగతే అసలైనది. టన్నెల్ లోపల పైన హీట్ ఎక్స్‌చేంజర్, అంటే ఇంజిన్ కూలెంట్‌ని చల్లబరిచే కూలర్, ఉంటుంది. ట్రాక్ లూజుగా ఉంటే వేగంలో పైకి ఉబ్బుతుంది, పెద్ద గుంతలో సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుంటే కూడా ట్రాక్ పైకొస్తుంది, అప్పుడు స్టడ్ కొన కూలర్‌కి గీసుకుంటుంది, కూలెంట్ కారిపోతుంది, ఊరికి దూరంగా ఇంజిన్ వేడెక్కి ఆగిపోతారు. అందుకే టన్నెల్ ప్రొటెక్టర్లు (స్టడ్ కొనలు టన్నెల్‌కి, కూలర్‌కి తగలకుండా బిగించే పట్టీలు) లేకుండా స్టడ్స్ వేయొద్దు. ఇప్పుడు ప్యాటర్న్‌కి వస్తే, ప్రొటెక్టర్ ఏ లైన్‌లో ఉందో ఆ లైన్‌లో స్టడ్ పెట్టకూడదు, పెడితే ప్రొటెక్టర్‌నే నమిలేస్తుంది. ట్రాక్ లోపలివైపు దొర్లే బోగీ చక్రాలు, వెనక ఐడ్లర్ చక్రాలు తిరిగే దారిలో కూడా స్టడ్ తల రాకూడదు. ఇవన్నీ మార్క్ చేసి చూస్తే మీకు మిగిలే ఖాళీ మీరనుకున్నంత ఉండదు, లగ్_లెక్క గారు చెప్పిన ఎనిమిది గీతలు పడతాయా ఆరే పడతాయా అన్నది మీ బండే చెప్తుంది. కంపెనీ వాళ్ళ టెంప్లేట్ ఉంటే అది వాడండి, లేకపోతే ట్రాక్ లోపలివైపు చాక్‌తో గీసుకుని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూశాకే డ్రిల్ తీయండి.

బయటి బెల్ట్ గురించి నా అభిప్రాయం, అంచు ఎక్కువ వంగుతుంది, రాయి గానీ రోడ్డు అంచు గానీ ముందు తగిలేది దానికే. రిపేర్‌కి వచ్చిన ట్రాకుల్లో ఊడిపోయిన స్టడ్ అంటే ఎక్కువగా బయటిదే. ఊడిన స్టడ్ చిల్లుని వదిలిపోతే ఒక రకం, బెల్ట్ ముక్కతో సహా పోతే ట్రాక్ ఆయుష్షే తగ్గిపోతుంది.

ఉత్తరగాలి:
డ్రిల్లే వద్దనుకుంటే లగ్ కొనల్లోనే చిన్న కార్బైడ్ ముక్కలు అచ్చుపోసిన ట్రాకులు ఉన్నాయి కదా, కామ్సో కంపెనీ ఐస్ రిప్పర్ లాంటివి. టన్నెల్ గొడవ లేదు, ప్యాటర్న్ గొడవ లేదు.

సెంటర్‌బెల్ట్:
ట్రెయిల్ మీద గట్టిపడిన మంచుకి అవి చాలా బాగుంటాయి. కానీ ఆయన చెప్పిన నున్నటి ఐస్ మీద బెల్ట్‌లోంచి వచ్చిన స్టడ్ ఆగినట్టు ఆగవు, అవి లగ్‌తో పాటే వంగుతాయి. ట్రాక్ మార్చే టైం వచ్చినవాళ్ళకి మంచి ఆప్షన్. బాగున్న ట్రాక్ తీసేసి మరీ వేయడం దేనికి.

ఉత్తరగాలి:
అదీ నిజమే. ఇంకోటి, రూల్స్ చూసుకోండి. మిన్నెసోటాలో అయితే తారు వేసిన పబ్లిక్ ట్రెయిల్స్ మీద మెటల్ స్టడ్స్ ఉన్న బండి నడపకూడదు, ప్రత్యేకంగా అనుమతించిన చోట తప్ప. వేసవిలో సైకిళ్ళు తిరిగే దారులు అవి, ఒక్క సీజన్లో చెక్కేస్తే బాగుచేసేది అందరి డబ్బుతోనే. ఈ విషయం ప్యాటర్న్ డిబేట్లో ఎవరూ ఎత్తరు, కానీ స్టడ్స్ ఎక్కువ వేసిన కొద్దీ వంతెనల చెక్కలకీ రోడ్డు క్రాసింగులకీ అంత దెబ్బ. ట్రెయిల్స్ చూసుకునే క్లబ్ వాళ్ళు వాలంటీర్లు, వాళ్ళ కష్టం కూడా లెక్కలోకి తీసుకోవాలని నా రిక్వెస్ట్.

మంచుబాట:
అందరికీ చాలా థాంక్స్. ట్రాక్ చెక్ చేయించా, డబుల్ ప్లై. ప్రొటెక్టర్లు, చక్రాల దారి మార్క్ చేస్తే మధ్య బెల్ట్‌లో ఆరు లైన్లు ఖాళీగా దొరుకుతున్నాయి. అంటే మూడు పిచ్‌లకి ఒకసారి తిరిగొచ్చే ప్యాటర్న్, 48 పిచ్‌లు మూడుతో సరిగ్గా భాగం అవుతాయి కాబట్టి ప్యాటర్న్ మొదలూ చివరా కలిసే చోట కూడా తేడా రాదు. 96 తోనే వెళ్తున్నా. కార్బైడ్ ఎంత వేయాలి? ఇప్పుడున్నది కంపెనీది, బాగా అరిగిపోయింది.

సెంటర్‌బెల్ట్:
24 స్టడ్స్‌కి ఒక అంగుళం కార్బైడ్ అని రైడర్ల మధ్య ఒక పాత లెక్క ఉంది, అంటే మీకు స్కీకి 4 అంగుళాలు, 144 అయితే 6. లెక్క కదా అని కళ్ళు మూసుకుని నమ్మక్కర్లేదు కానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది. అరిగిన కార్బైడ్‌తో మాత్రం స్టడ్స్ వేసుకుని బయటికి వెళ్ళొద్దు, వెనక పట్టు పెరిగి ముందు పట్టు లేకపోతే మలుపులో నేరుగా చెట్లలోకే. రెండూ ఒకే రోజు మార్చండి.

లేక్‌రేసర్:
నేనైతే ఇప్పటికీ 144 అనే అంటా, అది నా రైడింగ్‌కి. నీకు ఆరు లైన్లు దొరికాయి కాబట్టి ముందు 96 తో తిరిగి చూడు, వేగంగా తిరిగేటప్పుడు వెనక జారుతోంది అనిపిస్తే బయట తర్వాత కూడా కలపొచ్చు, వేసినవి తీయడమే కష్టం. నట్లు మాత్రం మొదటి రైడ్ అవ్వగానే మళ్ళీ బిగించు, కొత్తలో బ్యాకర్ ప్లేట్ (నట్టు కింద వేసే బిళ్ళ) రబ్బరులోకి సర్దుకుని లూజ్ అవుతాయి.

పాతగ్యారేజ్:
అవును, దాంతోపాటు ట్రాక్ టెన్షన్ కూడా అదే రోజు చూడండి. వెనక స్నో ఫ్లాప్ చిరిగి ఉంటే కొత్తది వేయండి, ఊడిన స్టడ్ వెనకొచ్చేవాళ్ళ మీదకి పోకుండా అడ్డం ఉండేది అదొక్కటే.