జట్లాండ్ గుర్రం: ఎరుపు రంగు మీద పట్టు విడవాలా?

చర్చాంశం: డెన్మార్క్‌లో బరువు బండ్లు లాగే గుర్రాల జాతి జట్లాండ్‌లో ఇప్పుడు దాదాపు అన్నీ చెస్ట్‌నట్ (ఎర్ర గోధుమ రంగు) గుర్రాలే. జాతే ముప్పులో ఉన్నప్పుడు రంగు చూసి ఏరడం తగునా? బయటి రక్తానికి స్టడ్ బుక్ (జాతి గుర్రాల వంశావళి నమోదు పుస్తకం) తెరవాలా?

వంశవృక్షం:
రంగు పట్టుదల తప్పనే నా వాదన. 1862లో ఇంగ్లండ్ నుంచి ఓపెన్‌హైమ్ అనే మగ గుర్రం వచ్చింది, సఫోక్ (ఇంగ్లండ్ బరువు బండ్ల జాతి) అనే ఎక్కువమంది అంటారు. దాని సంతతిలో ముంకెడాల్, ఆ ముంకెడాల్ కొడుకులిద్దరు. నేటి జాతికి మూలం వీళ్లే. బే (గోధుమ ఒళ్లు, నల్ల జూలు), నలుపు, బూడిద, రోన్ (తెల్ల వెంట్రుకలు కలిసిన రంగు) కూడా ఉన్న జాతిని ఒకే రంగులోకి కుదించారు. 1928 నుంచి కార్ల్స్‌బర్గ్ బీరు బండ్లు లాగుతున్నదీ ఈ జాతే కాబట్టి జనం కళ్లకు జట్లాండ్ అంటే ఎర్ర గుర్రమే. తెల్లటి జూలు అందమే, కానీ ఆ అందం కోసం మంచి బే ఆడ గుర్రాన్ని పక్కన పెట్టకూడదు.

జీన్‌లెక్క:
వంశవృక్షం గారూ, రంగు దోషి కాదండి. చెస్ట్‌నట్ ఎమ్‌సీ1ఆర్ జన్యువు మీద ఆధారపడిన అంతర్గత (రిసెసివ్) లక్షణం, అంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడుతుంది. తల్లీ తండ్రీ చెస్ట్‌నట్ అయితే పిల్ల కూడా చెస్ట్‌నట్టే. అందుకే రంగు త్వరగా స్థిరపడింది, ఏరివేత కూడా ఎప్పుడో ముగిసింది. అసలు ఇరుకు మగ గుర్రాల కొరత. లెక్కకు 200 ఆడవి, 10 మగవి అనుకోండి. ప్రభావిత సంఖ్య, అంటే జన్యు వైవిధ్యం లెక్కలో ఆ మంద ఎన్ని గుర్రాలతో సమానమో ఆ సంఖ్య, 4×10×200÷210, అంటే 38. ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి చుట్టాల మధ్య జత) తరానికి సుమారు 1.3 శాతం పెరుగుతుంది. 1 శాతం దాటితేనే ప్రమాదం. మగవాటిని 25 చేస్తే ప్రభావిత సంఖ్య 89కి చేరి పెరుగుదల 0.56 శాతానికి దిగుతుంది. ఒక్కో మగ గుర్రానికి ఇచ్చే ఆడవాటికి పరిమితి పెట్టడమే మందు.

వంశవృక్షం:
లెక్క ఒప్పుకుంటాను. మరి సఫోక్ మగ గుర్రాన్ని తెచ్చి కలిపితే?

జీన్‌లెక్క:
సఫోక్‌లన్నీ మగ వరుసలో 1768లో పుట్టిన ఒకే గుర్రానికి చేరతాయి, పైగా ఆ జాతీ ముప్పులోనే ఉంది. పక్కనున్న జర్మనీ జాతి ష్లెస్విగ్ కూడా ముంకెడాల్ రక్తమే. తలుపు తెరిచినా లోపలికొచ్చేది మన చుట్టమే.

గిట్టనాడా:
సఫోక్ కలిపితే కాళ్ల జూలు (గిట్టల పైన పెరిగే పొడవాటి వెంట్రుకలు) తగ్గుతుంది, సఫోక్ కాళ్లు నున్నగా ఉంటాయి. కానీ ఇన్ని తరాల తర్వాతా జట్లాండ్ కాళ్ల మీద జూలు ఉందంటే స్థానిక ఆడ గుర్రాల రక్తం పోలేదన్నట్టే. దాన్ని నేను దోషం అనను.
అయితే కాళ్ల జూలు కింద కోరియోప్టిస్ అనే కంటికి కనపడనంత చిన్న చర్మపు పురుగులు చేరతాయి. గుర్రం కాలు తపతపా నేలకు కొడుతూ, పళ్లతో గోక్కుంటుంది. నోటి ద్వారా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ (పురుగుల మందు) సరిగ్గా పనిచేయదు, ఎందుకంటే పురుగు రక్తం తాగదు, చర్మం పై పొట్టు తింటుంది. ముందు జూలు కత్తిరించి, లైమ్ సల్ఫర్ ద్రావణం వారానికోసారి 4 వారాలు పోయాలి. కొట్టంలోని గుర్రాలన్నింటికీ ఒకేసారి చేయాలి, పాత గడ్డి పరుపు తీసేయాలి. ఒక్కదానికే చేస్తే పక్కదాని నుంచి మళ్లీ అంటుకుంటుంది. కడిగాక కాలు పూర్తిగా ఆరాలి; తడి నిలిస్తే మడమ వెనక చర్మం పగులుతుంది.

వంశవృక్షం:
అయితే నా మాట మార్చుకుంటాను: స్టడ్ బుక్ మూసే ఉంచండి. కానీ కాళ్ల పుండ్లు పదేపదే వచ్చే మగ గుర్రానికి, దాని రంగు ఎంత ముచ్చటగా ఉన్నా, జత కట్టే అనుమతి ఇవ్వకూడదు.

జీన్‌లెక్క:
అక్కడే నాకు అభ్యంతరం. మగవే తక్కువ కదా, వాటిలోనూ కొన్నిటిని తీసేస్తే 25 ఎలా అవుతాయి? ముందు కొట్టం శుభ్రం చేసి చూడండి. అప్పటికీ తగ్గకపోతేనే తొలగించండి.