జపాన్ బుల్లెట్ రైళ్ళకు వారం పాసు కొనాలా, విడి టికెట్లు తీసుకోవాలా?

గోదారిగట్టు:
ఏప్రిల్ చివర్లో బాబు సెలవులకి జపాన్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ, ఎనిమిదేళ్ళ బాబు. టోక్యోలో దిగి, క్యోటో, హిరోషిమా చూసుకుని మళ్ళీ టోక్యోకి రావాలి. కోవిడ్‌కి ముందు వెళ్ళొచ్చిన మా ఆఫీసు పెద్దాయన "కళ్ళు మూసుకుని జేఆర్ పాసు కొనేయ్" అంటున్నారు. మా బావమరిది ఏమో అది శుద్ధ దండగ అంటున్నాడు. ఏడు రోజులు జపాన్ రైల్వేస్ (జేఆర్) రైళ్ళెక్కే ఆ పాసు మనిషికి 50,000 యెన్లు, బాబుకి సగం. నలుగురికీ కలిపి 1,75,000 యెన్లు, అంటే మన డబ్బుల్లో లక్షకి అటూ ఇటూ. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

లెక్కల మాస్టారు:
మీ ఆఫీసు పెద్దాయన అబద్ధం చెప్పలేదండీ, ఆయన కాలానికి ఆ మాట నిజమే. 2023 సెప్టెంబరు దాకా ఏడు రోజుల పాసు 29,650 యెన్లు. టోక్యో నుంచి క్యోటోకి నొజొమి అనే అన్నిటికంటే వేగమైన బుల్లెట్ రైల్లో రిజర్వుడ్ సీటు మామూలు రోజుల్లో 14,170. రానూపోనూ 28,340. ఇంకొక్క చిన్న ప్రయాణం చేస్తే పాసు గిట్టేసేది. అందుకే అప్పట్లో అందరూ కళ్ళు మూసుకునే కొన్నారు.

2023 అక్టోబరులో దాన్ని ఒక్కసారిగా 50,000 చేశారు. టోక్యో - హిరోషిమా నొజొమి 19,760. రానూపోనూ కలిపినా 39,520 యెన్లే. అంతెందుకు, క్యూషూలోని హకాతా దాకా, అంటే లైను చివరి దాకా వెళ్ళి వెనక్కి వచ్చినా యాభై వేలు దాటదు. ఇక లెక్కెందుకు?

కిటికీ సీటు:
మాస్టారూ, మీరు వాళ్ళ ప్రయాణాన్ని లెక్క కట్టలేదు, మీకు నచ్చిన ప్రయాణాన్ని కట్టారు. టోక్యో - క్యోటో 14,170. క్యోటో - హిరోషిమా దాదాపు 12,000. హిరోషిమా - టోక్యో 19,760. అక్కడికే 46,000 దగ్గరికొచ్చింది. నరిటా ఎయిర్‌పోర్టు నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు మూడు వేల పైచిలుకు, క్యోటో నుంచి నారా రానూపోనూ, హిరోషిమా పక్కనున్న మియాజిమా దీవికి జేఆర్ పడవ, టోక్యోలో ఊరి చుట్టూ తిరిగే యమనోతె లైను. ఇవన్నీ పాసులో వచ్చేవే. యాభై వేలు ఇట్టే దాటుతుంది.

దానికి తోడు మనశ్శాంతి. పొద్దున్నే వాన పడిందనుకోండి, ప్రయాణం మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు. దారిలో హిమెజీ కోట కనిపిస్తే దిగిపోవచ్చు. పెద్దావిడతో వెళ్తున్నవాళ్ళకి ఈ వెసులుబాటుకి వెల కట్టలేం.

నిషికసాయి వాసి:
టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేటలోనే ఉంటాను. వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఈ పాసు ఇవ్వరు, టూరిస్టులకే. కాబట్టి నాకు దాని మీద ప్రేమా లేదు, పగా లేదు. కానీ మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఈ లెక్కంతా వేసి విడి టికెట్లే తీశాను.

ఇంతవరకూ ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. పాసు ఉన్నవాళ్ళు నొజొమి ఎక్కాలంటే అదనంగా కట్టాలి. టోక్యో - క్యోటోకి 4,960, హిరోషిమాకి 6,500. కట్టకపోతే ఇంకొంచెం ఎక్కువ చోట్ల ఆగే హికారి బుల్లెట్ రైలు ఎక్కాలి. క్యోటోకి నొజొమిలో రెండుంపావు గంటలు, హికారిలో రెండు గంటల నలభై నిమిషాల దాకా. పాతిక నిమిషాలు పెద్ద తేడా ఏం కాదులెండి. అసలు తేడా రైళ్ళ సంఖ్యలో ఉంది. రద్దీ వేళ గంటకి 12 దాకా నొజొమిలు నడుస్తాయి, హికారిలు రెండే. కిటికీ సీటు గారు చెప్పిన "ఎప్పుడంటే అప్పుడు ఎక్కొచ్చు" అన్న సుఖం నిజానికి విడి టికెట్ వాళ్ళదే. బుల్లెట్ రైలు టికెట్లమ్మే స్మార్ట్ ఈఎక్స్ యాప్‌లో కొంటే రైలు బయల్దేరేలోపు ఎన్నిసార్లయినా టైము మార్చుకోవచ్చు, దానికి రుసుము లేదు.

కిటికీ సీటు:
హికారి గంటకి రెండంటే అరగంటకొకటి. స్టేషన్‌లో కూర్చుని ఒక కాఫీ తాగితే అయిపోయే టైము. దాన్ని కష్టం కింద లెక్కేస్తారా? పైగా హిరోషిమా వైపు ఒసాకా ఊళ్ళోని షిన్-ఒసాకా స్టేషన్లో సకురా అనే బుల్లెట్ రైలుకి మారితే సరి, అది పాసులోనే వస్తుంది, సీట్లు అటు ఇద్దరు ఇటు ఇద్దరు, హాయిగా ఉంటాయి.

వరంగల్ పిల్ల:
డబ్బు సంగతి మీరు తేల్చుకోండి. నా బాధ వేరు. మేం పాసు కొన్నాం. కొన్నాక ఏమైందంటే, భోజనం టికెట్ తీసుకున్నాం కదా అని ఆకలి లేకపోయినా మళ్ళీ మళ్ళీ అన్నం పెట్టించుకున్నట్టు, రోజూ ఏదో ఒక రైలెక్కడమే పనయింది. క్యోటోలో సాయంత్రం కామో నది ఒడ్డున కూర్చోవాలని అనుకున్నాం. ఆ సాయంత్రం ఎక్కడున్నామంటే ఒకయామాలో, "పాసుంది కదా" అని మా ఆయన తీసుకెళ్ళిన కోట దగ్గర. అదీ మూసేశాక చేరాం. ఏడు రోజులూ వరసగా వాడాలన్న నియమం వల్ల మధ్యలో ఒక రోజు ఊరికే ఉంటే నష్టపోయామన్న టెన్షన్. ఎనిమిదేళ్ళ బాబుకి, పెద్దావిడకి ఆ పరుగు వద్దు అన్నా.

కిటికీ సీటు:
అది మీ ఆయన తప్పమ్మా, పాసు తప్పు కాదు :)

లెక్కల మాస్టారు:
సరే, కిటికీ సీటు గారి లెక్కే తీసుకుందాం. 46,000, దాని మీద ఎయిర్‌పోర్టు రైలు, నారా, పడవ. చచ్చీచెడీ యాభై వేలకి చేరింది. మరి యాభై వేలు ముందే కట్టి, యాభై వేల విలువే వెనక్కి వస్తే లాభమేముంది? అది కూడా అన్నీ ఆ ఏడు రోజుల్లోనే ఇమిడితేనే. టోక్యోలో మొదటి మూడు రోజులు తిరిగి తర్వాత పాసు మొదలుపెడితే దిగిన రోజు ఎయిర్‌పోర్టు రైలు దాని కిందికి రాదు. యమనోతెలో ఒక్కో ప్రయాణం రెండు మూడు వందల యెన్లు, టోక్యో మెట్రోకి అసలు ఈ పాసు చెల్లదు.

నన్నడిగితే మార్చాల్సింది టికెట్ కాదు, రూటు. తిరుగు విమానం టోక్యో నుంచి కాకుండా ఒసాకా దగ్గరున్న కన్సాయ్ ఎయిర్‌పోర్టు నుంచి పెట్టుకోండి. బ్యాంకాక్, సింగపూర్ మీదుగా వెళ్ళేవాళ్ళకి రెండు చోట్ల నుంచీ విమానాలు ఉంటాయి. అప్పుడు టోక్యో - క్యోటో ఒకవైపు 14,170. అక్కణ్ణుంచి జపాన్ పడమటి వైపు రైళ్ళు నడిపే జేఆర్ వెస్ట్ కంపెనీ వాళ్ళ కన్సాయ్ - హిరోషిమా ఐదు రోజుల పాసు, 2023 అక్టోబరు సవరణ తర్వాత 17,000. మొత్తం 31,170. అందులో హిరోషిమాకి నొజొమి కూడా ఎక్కొచ్చు, అదనపు డబ్బు లేదు. కన్సాయ్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళే హరుకా రైలూ అందులోనే.

ఒక మెలిక ఉంది. టోక్యో నుంచి షిన్-ఒసాకా దాకా లైను జేఆర్ సెంట్రల్‌ది, అక్కణ్ణుంచి హకాతా దాకా జేఆర్ వెస్ట్‌ది. కాబట్టి క్యోటో - షిన్-ఒసాకా ముక్కలో ఈ పాసుతో బుల్లెట్ రైలు ఎక్కనివ్వరు. మామూలు స్పీడు రైల్లో అరగంట లోపే షిన్-ఒసాకా వెళ్ళి అక్కడ ఎక్కాలి.

గోదారిగట్టు:
మాస్టారూ, ఈ సంగతి నెల ముందు చెప్పి ఉంటే బాగుండేది! రానూపోనూ విమానం టికెట్లు నరిటాకే తీసేశాం, మార్చాలంటే బోలెడంత అడుగుతున్నారు. కాబట్టి టోక్యోకి తిరిగి రాక తప్పదు. ఇంకో రెండు సందేహాలు. మా పెట్టెలు పెద్దవి. అమ్మ చేప, మాంసం ముట్టదు. రైల్లో ఏం తింటుంది?

నిషికసాయి వాసి:
పెట్టె పొడవు, వెడల్పు, మందం కలిపి 160 సెంటీమీటర్లు దాటితే సామాను చోటున్న సీటు ముందే బుక్ చేయాలి. డబ్బేం ఎక్కువ అడగరు. బుక్ చేయకుండా తెస్తే 1,000 యెన్లు వసూలు చేస్తారు. ఆ సీట్లు బోగీ చివరి వరసలో ఉంటాయి, వెనకాల ఖాళీ ఉంటుంది. క్యోటోలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలే, కాబట్టి అమ్మగారిని ముందే లేపి తలుపు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంకా తేలికైన దారి, హోటల్ నుంచి హోటల్‌కి కొరియర్. సాధారణంగా మర్నాటికి చేరుతుంది, మీరు చేతి సంచీతో వెళ్ళొచ్చు.

తిండి గురించి: స్టేషన్‌లో అమ్మే భోజనం డబ్బాల్లో చాలావాటిలో, కూరలదే అయినా, చేప రసం కలిసి ఉంటుంది. నమ్మకండి. టోక్యో నుంచి షిన్-ఒసాకా దాకా ఉన్న తోకైదో లైనులో బండి తోసుకొచ్చి అమ్మడం కూడా 2023 అక్టోబరు చివరితో ఆపేశారు. రైల్లో తినడానికి ఎవరూ ఏమీ అనుకోరు, అందరూ తింటారు. పులిహోర కట్టుకెళ్ళండి. మా అమ్మ ఆవకాయ సీసా మూత తీయబోతే మాత్రం నేనే వద్దన్నాను.

విడి టికెట్లు మెషీన్లో తీసుకుంటే చాలాసార్లు మనిషికి రెండు కాగితాలు వస్తాయి, ఒకటి ప్రయాణానిది, ఒకటి ఎక్స్‌ప్రెస్‌ది. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి గేటులో దూర్చండి, అటువైపు రెండూ బయటికొస్తాయి. తీసుకోవడం మర్చిపోకండి. సీట్లు డి, ఈ వరసగా రెండేసి తీసుకుంటే కింద పెడల్ తొక్కి ముందు వరస తిప్పేయొచ్చు, నలుగురూ ఎదురెదురుగా కూర్చుంటారు. క్యోటో వెళ్ళేటప్పుడు ఫూజీ పర్వతం కనిపించేది ఆ వైపే, టోక్యో దాటిన ముప్పావు గంటకి. మబ్బులు లేకపోతేనే లెండి.

కిటికీ సీటు:
ఏప్రిల్ చివర అన్నారు. అంటే జపాన్ వాళ్ళ వరస సెలవులు, గోల్డెన్ వీక్, మొదలవుతుంది. ఆ రోజుల్లో నొజొమి అన్నీ రిజర్వుడే, రిజర్వేషన్ లేని బోగీలు ఉండవు. మీ యాప్ వెసులుబాటు అప్పుడు ఎంత పనికొస్తుందో చూద్దాం. ఖాళీ సీటు ఉంటేనే కదా టైము మార్చుకునేది.

నిషికసాయి వాసి:
పాసు వాళ్ళకి కూడా ఆ రోజుల్లో హికారి సీట్లు అలాగే నిండిపోతాయి. ఎవరైనా ముందే రిజర్వ్ చేసుకోవాల్సిందే.

గోదారిగట్టు:
పాసు వద్దనుకుంటున్నాం. హిరోషిమా ఉంచాలా తీసేయాలా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. అమ్మ "అంత దూరం వెళ్ళి బాంబు పడ్డ చోటు చూడకుండా వస్తామా" అంటోంది. మా ఆవిడ వరంగల్ పిల్ల గారి మాట చదివి క్యోటోలోనే ఇంకో రెండు రాత్రులు అంటోంది. హిరోషిమా పెద్దవాళ్ళకి మనిషికి అదనంగా పద్దెనిమిది వేల యెన్ల దాకా పడేలా ఉంది. పొద్దున క్యోటోలో ఎక్కి రాత్రికి తిరిగొచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా? పెద్దావిడతో అయ్యే పనేనా?