‘సీజ్దహ్ బెదర్’లోని ‘బె’ ఏది?

ఇరానీయుల వసంతకాలపు వనవిహారానికి ‘సీజ్దహ్ బెదర్’ అనే పేరు ఎలా వచ్చిందని ఒక మిత్రులు అడిగారు. ‘బేఖాతరు’లోని ‘బే’యే ఇదనుకొని, ‘తలుపు లేని పదమూడు’ అని అర్థం చెప్పిన వ్యాఖ్య కూడా చూశాను. మన చెవికి అలా తోచడం సహజమే గాని, ఆ రెండూ వేరు.

‘బేఖాతరు’లోని ‘బే’ లేమిని తెలుపుతుంది. నేటి ఇరాను పారసీకంలో దానిని ‘బీ’ అని పలుకుతారు. పండుగ పేరులోని హ్రస్వమైన ‘బె’ మన ‘కు’, ‘వైపు’ అనే ప్రత్యయాల పని చేస్తుంది. ఉర్దూలో గడపగడపకూ తిరగడాన్ని ‘దర్ బదర్’ అంటారు కదా, అందులోని ‘బ’ ఇదే. ‘దర్’ అంటే తలుపు. అది సంస్కృతంలోని ‘ద్వారా’నికి చుట్టం, మన ‘దర్వాజా’లో ఉన్నదీ అదే. ‘సీజ్దహ్’ అంటే పదమూడు. అందులోని ‘దహ్’కు ‘దశ’తో చుట్టరికం ఉంది. అయినా దీన్ని ‘త్రయోదశి’ అని అనువదించకూడదు, ఎందుకంటే ఇది చాంద్రమాన తిథి కాదు, సౌరమానమైన ఇరాను పంచాంగంలో ఫర్వర్దీన్ నెల 13వ తేదీ. ఇరానీయుల కొత్త సంవత్సరాది నౌరోజు మొదలైన పదమూడో రోజైన ఇది ఏప్రిల్ 1న గాని 2న గాని వస్తుంది.

‘బెదర్ కర్దన్’ అంటే వెళ్లగొట్టడం. ఆ రోజు ఇంట్లో ఉంటే పదమూడు అంకెలోని కీడు అంటుకుంటుందన్న నమ్మకంతో కుటుంబాలన్నీ తోటలకూ ఏటిగట్లకూ చేరి, తివాచీలు పరచుకొని, పుదీనా వేసిన తియ్యని సిర్కా (వెనిగర్) పానకం ‘సెకంజబీన్’లో లెట్యూస్ ఆకులు ముంచుకు తింటూ సాయంత్రం దాకా గడుపుతాయి. ‘దర్’కు లోయ అన్న అర్థం చెప్పి, ‘పదమూడున ఆరుబయటికి’ అని అన్వయించేవారూ ఉన్నారు. నాకు మాత్రం ‘పదమూడును గడప దాటించడం’ అన్న తెలుగే నచ్చింది. కీడు గడప దాటడమూ మనుషులు గడప దాటడమూ అందులో ఒక్కసారే పలుకుతాయి. ‘వనభోజనం’ అంటే పని తెలుస్తుంది గాని పదమూడు జారిపోతుంది. ఇరాను ప్రభుత్వ క్యాలెండరులోని ‘రూజె తబీఅత్’, అంటే ప్రకృతి దినం, అన్న పేరులోనూ ఆ అంకె లేదు.

పెళ్లికాని అమ్మాయిలు ఆ రోజు గడ్డిపరకలు ముడివేస్తూ పాడే పాట ఒకటి ఉంది: ‘సీజ్దహ్ బెదర్, సాలె దిగర్, ఖానెయె షౌహర్, బచ్చె బగల్’. ‘పదమూడు గడప దాటె, మరుసటేటికి మొగుడిల్లు, చంకన బిడ్డ’ అని దాని భావం. ఉర్దూలో ‘బగల్’ను పక్క అనే అర్థంలోనూ వాడతారు గాని, దాని అసలు అర్థం చంకే కనుక ఇక్కడ మన ‘చంకన బిడ్డ’ అక్షరాలా సరిపోయింది.

ఒక్క మాటకు మాత్రం నాకు తెలుగు కుదరలేదు. నౌరోజు కోసం పళ్లెంలో మొలిపించి, పదమూడో రోజున పారే నీటిలో వదిలే గోధుమ లేదా పప్పుధాన్యపు పైరును ‘సబ్జె’ అంటారు. ‘మొలకలు’ అంటే తినేవి గుర్తొస్తాయి. తెలంగాణలో లంబాడీ ఆడపిల్లలు తీజ్ పండుగకు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ నారు పెంచి, చివరికి నీటిలో కలుపుతారు. వారి ఇళ్లలో, లేదా మీ ఊళ్లో పెళ్లి పాలికల్లో పెరిగే పచ్చని నారుకు, ప్రత్యేకమైన పేరేదైనా ఉంటే దయచేసి ఇక్కడ రాయండి.