గ్రీన్ కార్డు దరఖాస్తు (ఐ-485) పెండింగ్‌లో ఉండగా మా అమ్మాయి విశాఖ వచ్చి వెళ్లవచ్చా?

ప్రశ్న: గాజువాక నుంచి ఒక తండ్రి

అందరికీ నమస్కారం. నేను స్టీల్ ప్లాంట్‌లో పదవీ విరమణ చేసి గాజువాకలో ఉంటున్నాను. మా అమ్మాయి, అల్లుడు పదకొండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నారు. అల్లుడిది హెచ్-1బి ఉద్యోగ వీసా, అమ్మాయిది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4. గ్రీన్ కార్డు తేదీ కరెంట్ కావడంతో, అంటే వరుసలో వాళ్ల వంతు రావడంతో, ఇద్దరూ ఐ-485 దాఖలు చేశారు. దానితోపాటే అడ్వాన్స్ పెరోల్ (దేశం దాటి వెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) కోసం పెట్టిన ఐ-131 దరఖాస్తు ఇంకా మంజూరు కాలేదు. ఈఏడీ (ఉద్యోగ అనుమతి) కార్డు మాత్రం వచ్చింది, మూడు నెలలుగా అమ్మాయి దాని మీదే ఒక బడిలో ఉద్యోగం చేస్తోంది.

మా ఆవిడకు గుండె కవాటం మార్చాలని డాక్టర్లు నిర్ణయించారు. వచ్చే నెల మూడో వారంలో ఆపరేషన్. అమ్మాయి వెంటనే బయలుదేరతానంటోంది. హెచ్-4 ఉన్నవారికి ఏ ఇబ్బందీ ఉండదని తెలిసినవారు కొందరు ధైర్యం చెబుతుంటే, దేశం దాటిన మరుక్షణం దరఖాస్తు వదులుకున్నట్టేనని మరికొందరు హెచ్చరిస్తున్నారు. తల్లిని చూడటానికి వచ్చి ఇన్నేళ్ల నిరీక్షణను పోగొట్టుకోకూడదు. అలాగని రావద్దని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: మధురవాడ నుంచి

అయ్యా, నేను పద్నాలుగేళ్లు అక్కడ ఉద్యోగం చేసి తిరిగి వచ్చాను. ఐ-485 పెండింగ్‌లో ఉండగా రెండుసార్లు విశాఖ వచ్చి వెళ్లాను కనుక చెబుతున్నాను. మీరు విన్న రెండు మాటలూ నిజమే, అయితే అవి వేర్వేరు మనుషులకు వర్తిస్తాయి. సాధారణ నియమం ప్రకారం అడ్వాన్స్ పెరోల్ మంజూరు కాకముందు అమెరికా విడిచి వెళితే ఐ-485ను వదులుకున్నట్టుగా పరిగణిస్తారు. హెచ్-1బి, ఎల్-1 (కంపెనీ బదిలీ మీద వచ్చేవారి వీసా) హోదాలో ఉన్నవారికి, వారి మీద ఆధారపడిన హెచ్-4, ఎల్-2 వారికి మాత్రం మినహాయింపు ఉంది. వారు ఆ హోదాను నిలుపుకొని, చెల్లుబాటులో ఉన్న అదే వీసాతో తిరిగి ప్రవేశిస్తే ఐ-485కు నష్టం రాదు.

మీ అమ్మాయి విషయంలో చిక్కంతా ఆ ఉద్యోగంలోనే ఉంది. ఐ-485 ఆధారంగా వచ్చిన ఈఏడీ మీద పనిచేయడం మొదలుపెడితే హెచ్-4 హోదా నిలవదనే భావించి నడుచుకోమని న్యాయవాదులు సలహా ఇస్తారు. పాస్‌పోర్టులో హెచ్-4 వీసా ముద్ర గడువు మిగిలి ఉన్నా, కేవలం దాన్ని నమ్ముకొని ఆమె విమానం ఎక్కడం నా దృష్టిలో చాలా ప్రమాదం. అడ్వాన్స్ పెరోల్ మంజూరై, ఆ పత్రం చేతికి వచ్చాకే బయలుదేరాలి. ఆమె ఇక్కడికి వచ్చేశాక అది మంజూరవుతుందిలే అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే నిర్ణయం రాకముందే దేశం దాటితే ఆ ఐ-131ను కూడా తిరస్కరిస్తారు.

జవాబు: సీతమ్మధార నుంచి ఒక తల్లి

అన్నయ్యగారూ, వదినగారికి త్వరగా నయం కావాలని సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంటున్నాను. మావారికి పక్షవాతం వచ్చినప్పుడు మా అబ్బాయి అత్యవసర అడ్వాన్స్ పెరోల్ తీసుకొని వచ్చాడు. యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలస సేవల శాఖ) కాంటాక్ట్ సెంటర్‌కు ఫోన్ చేసి పరిస్థితి వివరిస్తే, అవసరాన్ని బట్టి దగ్గరలోని ఫీల్డ్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ ఇస్తారు. పెండింగ్‌లో ఉన్న ఐ-131ను త్వరగా తేల్చమని కూడా కోరవచ్చు. మావాడు అపాయింట్‌మెంట్‌కు కొత్త ఐ-131 నింపుకొని, ఫొటోలు, రుసుము, ఐ-485 రసీదు, ఆసుపత్రి ఉత్తరం పట్టుకొని వెళ్లాడు.

ఇందులో మీరు విశాఖ నుంచి చేయగలిగిన పని ఒకటుంది, అది ఆ ఉత్తరం. మాకు ఇక్కడి ఆసుపత్రి మొదట ఇచ్చిన కాగితంలో ‘రోగి చికిత్స పొందుతున్నారు’ అన్న ఒక్క వాక్యమే ఉంది. దాన్ని చూసి అక్కడి అధికారి ఇది అత్యవసరమని ఎలా అనుకోవాలని అడిగారట. ఆ రాత్రంతా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మర్నాడు నేను వార్డు బయట నాలుగు గంటలు కూర్చొని, డాక్టరుగారిని బతిమాలి మరో ఉత్తరం రాయించుకున్నాను. లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రోగి పేరు, జబ్బు పేరు, ఆపరేషన్ తేదీ, కూతురు దగ్గర ఉండవలసిన అవసరం, డాక్టరు సంతకం, ముద్ర, ఫోన్ నంబరు అన్నీ ఉండేలా చూసుకోండి. అమ్మాయి జనన ధ్రువపత్రాన్ని కూడా జతచేయండి, అందులో తల్లి పేరు వదినగారి ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకోండి. మాకు ఇంటిపేరు దగ్గర తేడా వచ్చి ఒక రోజు వృథా అయింది.

జవాబు: మధురవాడ నుంచి, మళ్లీ

అమ్మ చెప్పినదానికి రుసుము సంగతి కలుపుతున్నాను. 2024 ఏప్రిల్ 1న గానీ ఆ తరువాత గానీ ఐ-485 దాఖలు చేసినవారు ఐ-131కు విడిగా రుసుము చెల్లించాలి. ఫారం పెట్టే ముందు ఆ రోజున ఎంత ఉందో యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో చూసుకోమనండి.

అల్లుడుగారు కూడా వస్తారేమో మీరు రాయలేదు. ఆయన హెచ్-1బి వీసా ముద్ర గడువు తీరి ఉంటే, కొత్త ముద్ర (స్టాంపింగ్) కోసం హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌ను నమ్ముకొని మాత్రం రావద్దు. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను కూడా పరిశీలించడం మొదలయ్యాక ఎందరి అపాయింట్‌మెంట్లో నెలల తరబడి వాయిదా పడ్డాయి, ఇక్కడికి వచ్చి చిక్కుకుపోయినవారు ఉన్నారు. ఆయన అక్కడే ఉండి ఉద్యోగం చూసుకోవడం మేలు.

తిరుగు ప్రయాణంలో అమ్మాయి పెరోల్ అసలు పత్రాన్ని చేతి సంచిలోనే ఉంచుకోవాలి, చెక్-ఇన్ దగ్గరే అడుగుతారు. అమెరికాలో దిగాక పక్క గదిలో కూర్చోబెట్టి మళ్లీ పరిశీలిస్తే కంగారు పడనక్కరలేదు, పెరోల్ మీద వచ్చేవారికి అది మామూలే. నేను రెండుసార్లూ కూర్చున్నాను. పెరోల్ పత్రం ఉన్నంత మాత్రాన ప్రవేశానికి పూర్తి హామీ లేదు కనుక, ఆమె పాత హోదాలో ఏదైనా లోపం ఉంటే బయలుదేరకముందే న్యాయవాదికి చెప్పాలి.

ప్రశ్న అడిగిన తండ్రి

మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి ఇదంతా అమ్మాయికి ఫోన్‌లో చదివి వినిపించాను. టికెట్ కొనడం ఆపింది, ఈ ఉదయం వాళ్ల న్యాయవాదితో మాట్లాడింది, ఆయన కూడా పెరోల్ లేకుండా కదలవద్దనే అన్నారట. అల్లుడు రావడం లేదు. నేను రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి సీతమ్మధార చెల్లెమ్మ చెప్పిన వివరాలన్నీ ఉండేలా ఉత్తరం రాయించుకుంటాను. జనన ధ్రువపత్రం తీసి చూస్తే మా ఆవిడ పేరులో ఒక అక్షరం తేడా ఉంది. దానికి నోటరీ చేయించిన అఫిడవిట్ సరిపోతుందా, లేక జి.వి.ఎం.సి. (విశాఖ నగరపాలక సంస్థ)లో సరిదిద్దించుకోవాలా అన్నది ఎవరైనా చెబితే, రేపు ఆ పని కూడా చూసుకొని వస్తాను.