సోలినాయిడ్ కాయిల్‌కి ప్లస్, మైనస్ చూసి కలపాలా?

ప్యాకింగ్_లైన్:
ప్యాకింగ్ మెషీన్‌లో గాలి వాల్వు సోలినాయిడ్ కాయిల్ (కరెంటిస్తే అయస్కాంతమై వాల్వుని కదిపే తీగ చుట్ట) మార్చాలి. కొత్తదాని మీద 24 వోల్టుల డీసీ, 4.8 వాట్లు అని ఉంది. పిన్నుల దగ్గర 1, 2, ఎర్త్ గుర్తు తప్ప ప్లస్, మైనస్ ఎక్కడా లేవు. పాత కనెక్టర్‌లో చిన్న ఎల్ఈడీ ఉంది, దాన్నే వాడదామనుకుంటున్నాను. పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపే కంట్రోలర్) నుంచి వచ్చే రెండు వైర్లూ నలుపే. ఎటు కలిపినా ఒకటేనని ఒకరంటే, తిరగబడితే పీఎల్‌సీ పోతుందని ఇంకొకరంటున్నారు. తిప్పి కలిపితే వాల్వు వెనక్కి తోస్తుందా?

ప్యానెల్_వైరింగ్:
ఇద్దరి మాటా నిజమేనండి. ఒకరు కాయిల్ గురించి చెప్తున్నారు, ఇంకొకరు కనెక్టర్ గురించి.

కాయిల్ అంటే రాగి తీగ చుట్టలు, అంతే. మధ్యలో ముందుకీ వెనక్కీ జరిగే కడ్డీ, అంటే ప్లంజర్, మామూలు ఇనుము, దానికి సొంత అయస్కాంతం లేదు. అయస్కాంతం ఏ కొస పెట్టినా గుండుసూది వచ్చి అంటుకుంటుంది కదా, ఇదీ అంతే. కరెంటు ఎటు పారినా ప్లంజర్‌ని లోపలికే లాగుతుంది. వెనక్కి తెచ్చేది స్ప్రింగు.

చిక్కంతా కనెక్టర్‌లో ఉండే డయోడ్‌తోనే (కరెంటుని ఒకవైపే పోనిచ్చే భాగం). కాయిల్‌కి కరెంటు ఆపిన క్షణంలో అందులోంచి ఎదురు వోల్టేజ్ లేస్తుంది, వందల వోల్టుల దాకా పోవచ్చు. పీఎల్‌సీలో స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్‌ని దాని నుంచి కాపాడటానికే కాయిల్ రెండు కొసల మధ్య డయోడ్ పెడతారు. దాని మీద గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండాలి. తిరగబడితే డయోడ్ గుండా నేరుగా షార్ట్ అవుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం, లేదంటే ట్రాన్సిస్టర్ పోతుంది. డయోడ్ లేకుండా ఎల్ఈడీ ఒక్కటే ఉంటే మాత్రం తిరగబడినా వాల్వు పనిచేస్తుంది, లైటు వెలగదు.

ముందు కనెక్టర్‌ని కాయిల్ నుంచి పీకి, వైర్లు కూడా విప్పి, మల్టీమీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెట్టి 1, 2 మధ్య రెండు వైపులా చూడండి. ఒకవైపు 0.5 నుంచి 0.7, రెండోవైపు ఓఎల్ (కరెంటు పోవడం లేదని మీటర్ చూపే గుర్తు) వస్తే డయోడ్ ఉన్నట్టే. కాయిల్ తగిలించి చూస్తే మోసపోతారు. మీ కాయిల్ సుమారు 120 ఓములు. మీటర్ పంపేది ఒక మిల్లీఆంప్ అటూ ఇటూ కాబట్టి రెండు వైపులా 0.12 దగ్గరే చూపిస్తుంది. ఆ కాస్త వోల్టేజ్‌కి డయోడ్ తెరుచుకోదు.

వైర్లలో ప్లస్ ఏదో తెలియాలంటే అవుట్‌పుట్ ఆన్ చేసి డీసీ వోల్టుల్లో చూడండి. అంకె ముందు మైనస్ పడితే ఎర్ర ప్రోబ్ పెట్టిన వైరు మైనస్. తర్వాత కరెంటు ఆపి కలపండి.

వైండింగ్_పని:
కొన్ని కాయిల్స్‌లో డయోడ్ లోపలే పోత పోసి ఉంటుంది, కంటికి కనపడదు. అప్పుడు 24 వోల్టుల 5 వాట్ల బల్బుని సిరీస్‌లో పెట్టి, పీఎల్‌సీకి కాకుండా విడి సప్లై నుంచి ఇవ్వండి. వైర్లు మార్చి రెండుసార్లు చూడండి. సరైన వైపు బల్బు మసకగా వెలుగుతుంది. తిరగబడితే నిండుగా వెలుగుతుంది, ఏదీ కాలదు.

డ్రిప్_వాల్వు:
పొలంలో బ్యాటరీ టైమర్‌తో నడిచే 9 వోల్టుల లాచింగ్ కాయిల్స్ సంగతి పూర్తిగా వేరు. వాటిలో శాశ్వత అయస్కాంతం ఉంటుంది. ఒకవైపు పల్స్ ఇస్తే తెరుచుకుంటుంది, తిప్పి ఇస్తే మూసుకుంటుంది. ఎరుపు, నలుపు తారుమారైతే తెరవమన్నప్పుడు మూసుకుని, మూయమన్నప్పుడు తెరుచుకుంటుంది. రెండు వైర్లూ మార్చితే సరి. వీటికి ఎప్పుడూ కరెంటు వదిలి ఉంచకండి, పల్స్‌కి చేసిన చుట్ట నిలకడ కరెంటుకి కాలిపోతుంది.

ఇంకో అనుమానం అన్నా: 24 వోల్టుల ఏసీ వాల్వుని 24 వోల్టుల ఎస్ఎంపీఎస్‌కి (డీసీ ఇచ్చే పవర్ సప్లై) ఇస్తే చేయి పెట్టలేనంత కాలుతోంది, ఎందుకు?

వైండింగ్_పని:
వెంటనే తీసేయండి తమ్ముడూ. ఏసీలో కరెంటుని అడ్డేది తీగ నిరోధం ఒక్కటే కాదు, ఇండక్టెన్స్ (కరెంటు మారడాన్ని అడ్డుకునే చుట్ట గుణం) కూడా. తీగ 30 ఓములున్నా ఏసీలో పట్టి ఉంచేటప్పుడు 0.2 ఆంప్ దగ్గరే తీసుకుంటుంది. డీసీలో ఆ అడ్డు లేదు: 24ని 30తో భాగిస్తే 0.8 ఆంప్, అంటే 19 వాట్ల వేడి. ఏసీ ట్రాన్స్‌ఫార్మరే పెట్టండి.

ఏసీ కాయిల్‌ని వాల్వు నుంచి ఊడదీసి పక్కన పెట్టి కరెంటు ఇవ్వడం కూడా తప్పే. మధ్యలో ఇనుము లేకపోతే ఇండక్టెన్స్ పడిపోయి కరెంటు పెరుగుతుంది. ఇసుక పడి ప్లంజర్ సగంలో ఇరుక్కున్నా ఇదే జరుగుతుంది. అందుకే కాలిన ఏసీ కాయిల్ మార్చేముందు ప్లంజర్ చేత్తో నొక్కి, స్వేచ్ఛగా ఆడుతోందో లేదో చూడాలి.

ప్యాకింగ్_లైన్:
కనెక్టర్ విడిగా చూశాను. ఒకవైపు 0.56, ఇంకోవైపు ఓఎల్. డయోడ్ ఉంది. ప్లస్ చూసి కలిపాను, లాగుతోంది, లైటూ వెలుగుతోంది. కానీ వదలడం కాస్త ఆలస్యంగా అనిపిస్తోంది.

ప్యానెల్_వైరింగ్:
డయోడ్ గుండా కరెంటు తిరుగుతూ మెల్లగా చస్తుంది కాబట్టి కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆలస్యం అవుతుంది. పాతదానికీ ఇదే కనెక్టర్ కాబట్టి అప్పుడూ ఉండే ఉంటుంది. కటింగ్ టైమింగ్ తప్పుతుంటేనే పట్టించుకోండి. అప్పుడు డయోడ్‌కి బదులు వేరిస్టర్ (వోల్టేజ్ హద్దు దాటితేనే కరెంటుని పోనిచ్చే భాగం) ఉన్న కనెక్టర్ తెచ్చుకోండి: త్వరగా వదులుతుంది, వేరిస్టర్‌కి ప్లస్, మైనస్ తేడా లేదు. అయితే దాని క్లాంప్ వోల్టేజ్, అంటే అది ఎదురు వోల్టేజ్‌ని ఆపే హద్దు, మీ పీఎల్‌సీ అవుట్‌పుట్ తట్టుకునే హద్దులో ఉందో లేదో రెండు డేటాషీట్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.